మేనేజరుగారి కోటు

మా బావ టైలరు. ఈ వీధిలో నడుం పెరిగినవాళ్ళు చాలామంది ఉన్నారు కానీ, పెరిగిందని తెలిసినవాళ్ళు తక్కువ. దానికి కారణం మా బావే.

ఆయన పద్ధతి ఇది. ప్యాంటు కుట్టేటప్పుడే నడుం దగ్గరా, పక్క కుట్లలోనూ లోపలికి బోలెడు గుడ్డ మడిచి వదులుతాడు. కొన్నాళ్ళకు గుండీ ఊడిందనో, జిప్పు పట్టేసిందనో ఆ ప్యాంటు మళ్ళీ షాపుకు వస్తుంది. తెచ్చిన మనిషిని బావ ఒక్క చూపు చూస్తాడు. ఏమీ అడగడు, టేపు తియ్యడు. జిప్పు బాగుచేసి, పనిలో పనిగా నడుం కుట్టు విప్పి, కాస్త వదులు చేసి, మళ్ళీ కుట్టి, ఇస్త్రీ చేసి ఇచ్చేస్తాడు. ఆ పెద్దమనిషి ఇంటికెళ్ళి తొడుక్కుని, "చూశావా, ఎప్పటి ప్యాంటు ఇది! ఇప్పటికీ పడుతోంది" అని పెళ్ళాంతో అంటాడు. ఆవిడ బట్టలూ ఇక్కడే కుట్టించుకుంటుంది కాబట్టి ఆవిడా ఏమీ అనదు.

"టేపు అబద్ధం చెప్పదు. అందుకే దాన్ని మెళ్ళో వేసుకుంటాను, నోట్లో పెట్టుకోను" అంటాడు బావ. పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ మొదటి పాఠం అదే. సూదిలో దారం ఎక్కించడం రెండోది.

నేను ఆయన మరదలిని. మాకు అమ్మానాన్న లేరు. అక్క పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన రోజున సామానుతోపాటు నేనూ దిగాను. సామానులో చాలావరకు పోయింది, నేను మిగిలాను. షాపు వెనక గదిలో కూర్చుని కాజాలు తీస్తాను, గుండీలు కుడతాను, అంచులు మడుస్తాను. మనసులో ఉన్న మాట నోట్లో ఆగదు నాకు. అలాంటిదాన్ని ఇలాంటి ఇంట్లో ఇన్నేళ్ళు ఎలా నెగ్గుకొచ్చానంటే, బావ నన్ను ముందు గదిలోకి రానివ్వకపోవడం వల్ల.

ఇక బావ చెవుల సంగతి. ఒక జీవితకాలం మిషను పక్కన కూర్చుంటే చెవులకు ఏమవుతుందో అదే అయింది. ఒక్కరోజులో కాలేదు. ముందు, షాపు పైనే ఉన్న ఇంట్లోంచి అక్క పిలిచే పిలుపు వినపడటం మానేసింది. తరవాత వీధిలో బస్సు హారను. ఆ తరవాత ఎదురుగా నిలబడ్డ మనిషి మాట. బావ ఎవరితోనూ ఆ ఊసెత్తలేదు. ఎవరేమన్నా తలూపుతాడు. తలూపి, చేతిలో పెట్టిన బట్టను తిరగేసి, ఎక్కడ చిరిగిందో ఎక్కడ బిగుసుకుందో చూసి, ఏం కావాలో తనే తెలుసుకుంటాడు. "ఈ మిషను చప్పుడొకటి" అంటాడు అప్పుడప్పుడు, మిషను ఆగి ఉన్నప్పుడు కూడా.

వీధిలో వాళ్ళూ ఎత్తలేదు. గుమ్మంలోంచి పిలవడం మానేసి, తిన్నగా లోపలికి వచ్చి, కటింగు బల్లకు ఎదురుగా ఆయన కళ్ళు పడేచోట నిలబడటం అలవాటు చేసుకున్నారు. బ్యాంకులో పనిచేసే ఆయన ఒకరున్నారు, మా బ్యాంకాయన, ఆయన అయితే గొంతు పెంచి మాట్లాడి, "నాకు కాస్త జలుబు, అందుకే గట్టిగా మాట్లాడుతున్నా" అనేవాడు. ఏ కాలంలో వచ్చినా ఆయనకు జలుబే. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అనే సామెత మా ఇంట్లోంచి ఎప్పుడు వెళ్ళిపోయిందో తెలియదు. ఎవరూ పొమ్మనలేదు.

అలాంటి రోజుల్లో మేనేజరు వచ్చాడు.

గోధుమరంగు కుక్క. ఒక వానాకాలం పొద్దున షాపు మెట్టు మీద ముడుచుకుని పడుకుని ఉన్నాడు. అక్క తుడిచి లోపల పెట్టింది. గుమ్మం దగ్గరున్న కాళ్ళు తుడుచుకునే పట్టా మీద కూర్చుని, వచ్చేవాళ్ళనూ పోయేవాళ్ళనూ పైనుంచి కిందిదాకా చూసేవాడు. ఆ వాలకం చూసి బ్యాంకాయన, "మా మేనేజరు కూడా ఇలాగే చూస్తాడు" అన్నాడు. పేరు ఖాయమైంది. బావ మాత్రం మేనేజరుగారు అనేవాడు. ఆయన అందరికీ గారు తగిలిస్తాడు. ఇస్త్రీపెట్టెకు తప్ప.

ఒకరోజు ఎవరో వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మేనేజరు లేచి, గది దాటి వచ్చి, బావ పిక్క మీద ముక్కుతో ఒకటి పొడిచాడు. బావ తల తిప్పితే గుమ్మంలో మనిషి. ఆ మనిషి వెళ్ళాక బావ టీలో ముంచుకోబోతున్న రస్కు విరిచి మేనేజరుకు పెట్టాడు. మర్నాడు మళ్ళీ ఎవరో వచ్చారు, మళ్ళీ ముక్కు, మళ్ళీ రస్కు. అక్క పైన గిన్నె మీద గరిటెతో కొడితే కూడా మేనేజరే వచ్చి చెప్పేవాడు. అన్నేళ్ళ తరవాత బావ మొదటిసారి వేడి వేడి భోజనం తిన్నాడు. నిజం చెప్పాలంటే, ఆ కుక్క వచ్చాకే ఆయన భుజాలు కాస్త కిందికి దిగాయి. అప్పటిదాకా ఎవరొచ్చి నిలబడ్డారో, ఎవరు పిలిచి వెళ్ళిపోయారో అని బిగబట్టుకుని కూర్చునేవాడు. నాకు ఆ కుక్కంటే అంత ఇష్టం అందుకే.

చలికాలం వచ్చింది. ఎవరో కుట్టించుకుని తీసుకెళ్ళని సూటుగుడ్డ మిగిలితే, బావ దాంతో మేనేజరుకు కోటు కుట్టాడు. బూడిదరంగు, లోపల మెత్తటి అస్తరు, పొట్ట కింద మూడు గుండీలు. ఆ కాజాలు నేనే తీశాను. వీధిలో సగంమంది కన్నా మా మేనేజరే మంచి గుడ్డ కట్టేవాడు. బావ అలవాటు చొప్పున లోపలికి బోలెడు గుడ్డ మడిచి వదిలాడు. అక్కడే వచ్చింది చిక్కు.

షాపు బాగా నడిచేది, అంటే మేనేజరు బాగా తినేవాడు. మనిషికో రస్కు ముక్క. భోజనం పిలుపుకొకటి. పోస్టు వస్తే ఒకటి. పిల్లికి బిచ్చం పెట్టని పక్కషాపు ముసలాయన కూడా వాడికి బిస్కెట్టు పట్టుకొచ్చేవాడు. ముద్దొచ్చినప్పుడే చంకెక్కాలంటారు. వీడు ఎక్కాడు, దిగలేదు. చలికాలం రాగానే కోటు బిగుతయ్యేది. బావ సెలవురోజు ఒక్కడే షాపు తెరుచుకుని, కుట్టు విప్పి, వదులు చేసి, ఇస్త్రీ చేసి, గుండీలు పెట్టి, "భలే పడిందండీ మేనేజరుగారూ" అనేవాడు. ఆ పని మటుకు నాకు ఇచ్చేవాడు కాదు. తరవాతి చలికాలమూ అంతే. ఆ తరవాతా అంతే. వచ్చినవాళ్ళంతా, "నిండుగా ఉన్నాడండీ" అనేవారు. ఈ షాపులో ఇంకో రకంగా అనే అలవాటు ఎవరికీ లేదు కదా.

నిండుగా అయినకొద్దీ మేనేజరు ఆఫీసు మార్చాడు. గుమ్మం దగ్గర్నుంచి బావ దాకా నడవడం కష్టమై, పట్టా వదిలేసి, మిషను కిందే బావ కాళ్ళ పక్కన పడుకోవడం మొదలుపెట్టాడు. అక్కడ్నుంచి ముక్కు చాపితే చాలు, పిక్క అందుతుంది. గుమ్మం మాత్రం కనపడదు.

ఒక పొద్దున నేను వెనక గదిలో గుండీలు కుడుతున్నాను. మిషను ఆడుతున్నంతసేపూ నాకూ ఏమీ వినపడదు. దారం అయిపోతే తెచ్చుకుందామని ముందుకు వచ్చాను. అప్పుడే వచ్చిన బ్యాంకాయన గుమ్మంలోనే ఆగిపోయి ఉన్నాడు, చేతిలో సంచి, ముఖంలో నెత్తురు చుక్క లేదు. బావ కాలరు కుడుతున్నాడు. ఆయన కాళ్ళ దగ్గర మేనేజరు లేవబోయి, వెనక కాళ్ళు రెండూ చెరోపక్కకీ జారిపోయి, నేల మీద పొట్ట ఆనించి ఏడుస్తున్నాడు. కుయ్యోమనడం కాదు, ఏడుపే. బావకు జానెడు దూరంలో. బావ కాలరు మూల తిప్పి, దారం తెంపి, ఇంకో వైపు మొదలుపెట్టాడు.

నేను భుజం తట్టేదాకా ఆయనకు తెలియలేదు. "జారినట్టున్నాడు" అన్నాను. అంతకన్నా ఏమనాలో ఆ క్షణాన నాకు తోచలేదు. బ్యాంకాయన, "ఈ నేల నున్నగా ఉంటుంది" అన్నాడు గట్టిగా, జలుబుతో.

గుడ్డ థాన్లు తెచ్చే చక్రాల బండి మీద పడుకోబెట్టి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ వయసులో చిన్నదే కానీ, మాట మొహమాటం లేని మాట. మేనేజరును తూకం మీదికి ఎక్కించి, అంకె చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"ఏం పెడుతున్నారండీ ఈయనకి?"

బావ తలూపాడు.

"మేం తినేదే పెడతామండీ రెండు పూటలా. మధ్యలో రస్కులు" అన్నాను నేను.

"మధ్యలో అంటే?"

"మధ్యంతా."

ఆవిడ బావ చెయ్యి పట్టుకుని మేనేజరు పక్కటెముకల మీద ఆనించింది. "ఏం తగులుతోంది చెప్పండి."

ఆవిడ ముఖం ఎదురుగానే ఉంది కాబట్టి పెదవులు చూసి బావ గ్రహించాడు. కళ్ళు మూసుకుని తడిమాడు. "మంచి సరుకమ్మా. దళసరి."

"ఎముకలు తగలాలండీ. మీ చేతి వెనకవైపు తడుముకోండి. సన్నని తోలు కింద ఎముకలు తెలుస్తున్నాయా? ఈయనకి అలా ఉండాలి. ఇప్పుడు అరచెయ్యి తడుముకోండి. ఈయన ఇలా ఉన్నాడు. పైనుంచి చూడండి. పక్కటెముకలు దాటాక లోపలికి తగ్గాలి. నడుం ఏదండీ?"

నడుం ఏదని మా బావను అడిగిన మనిషి అంతకుముందు పుట్టలేదు. ఆయన మేనేజరును పైనుంచి చూశాడు. అటు వంగి ఒకసారి, ఇటు వంగి ఒకసారి.

"వయసు మీద పడ్డాక అందరికీ ఉండేదే కదమ్మా. కాస్త వదులు చేస్తే సరిపోతుంది" అన్నాడు.

"కోటు వదులు చెయ్యొచ్చండీ. మోకాళ్ళు వదులు చెయ్యడానికి నా దగ్గర గుడ్డ లేదు. ఈ బరువుకి వెనక కాళ్ళ కీళ్ళు అరిగిపోతున్నాయి. బరువు దిగితే నడుస్తాడు. దిగకపోతే వచ్చే చలికాలానికి లేవడు. అంతే."

పస్తు పెట్టకూడదంది. మెల్లగా దించాలంది. ఒకటే గిన్నెతో కొలిచి రెండు పూటలా పెట్టాలి, మన పళ్ళెంలోది పెట్టకూడదు, పొద్దునా సాయంత్రం గడ్డి నేల మీద కాసేపు నడిపించాలి, రస్కు అనే మాట ఇంట్లో వినపడకూడదు. బావ అన్నింటికీ తలూపాడు. దారిలో బండి తోస్తూ, "ఏమందో ఒకసారి చెప్పు. ఆ గదిలో ఫ్యాను చప్పుడు" అన్నాడు. ఆ గదిలో ఫ్యాను లేదు. నేను మళ్ళీ మొదట్నుంచి చెప్పుకొచ్చాను. వీధివీధంతా విన్నది.

"లేవడు అందా?" అన్నాడు బావ.

"లేవడంది."

"మనిషితో అలాగేనా మాట్లాడేది" అన్నాడు ఇంటి దగ్గర బండి ఆపుతూ. డాక్టరమ్మ మీద కోపం ఒక ఎత్తు, భయం ఒక ఎత్తు. రెండూ ముఖం మీదే కనపడుతున్నాయి.

అక్క రస్కుల డబ్బా పైకి పట్టుకుపోయింది. గిన్నె కొలత పెట్టింది. పొద్దునా సాయంత్రం నేను నడిపించాను. నడక అనడం నాది, చూసేవాళ్ళకు మేం ఇద్దరం వీధిలో నిలబడ్డట్టు ఉండేది. అలా కొన్ని వారాలు గడిచాక మళ్ళీ తూకానికి తీసుకెళ్ళాం. తగ్గకపోగా కాస్త పెరిగాడు.

"ఎవరు పెడుతున్నారు?" అంది డాక్టరమ్మ.

"ఎవరూ పెట్టట్లేదమ్మా" అన్నాడు బావ. సరిగ్గా అప్పుడే మేనేజరు మెడ చాపి ఆయన చొక్కా పక్క జేబులో ముక్కు దూర్చాడు. జేబు అంచున పొడి రాలింది. డాక్టరమ్మ పొడిని చూసింది, నన్ను చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు నా స్టూలు వెనక గదిలోంచి తెచ్చి ముందు గదిలో వేసుకున్నాను. "ఇక్కడ వెలుతురు బావుంది" అన్నాను. బావ తలూపాడు. అక్కడ కూర్చున్నాక తెలిసింది అసలు కథ.

గుమ్మంలో ఎవరూ లేరు. మేనేజరు మిషను కింద పడుకునే ముక్కు చాపి బావ పిక్క పొడిచాడు. బావ చప్పున మిషను ఆపి వెనక్కి తిరిగాడు. ఎవరూ లేరు. లేచి గుమ్మం దాకా వెళ్ళి వీధికి అటూ ఇటూ చూశాడు. ముఖం వాడిపోయింది. తిరిగివచ్చి, "ఎవరో వచ్చి పిలిచి పిలిచి వెళ్ళిపోయినట్టున్నారు" అని తనలో తను అనుకుని, జేబులోంచి రస్కు ముక్క తీసి కిందికి అందించాడు. కబురు చెప్పినవాడి తప్పేముంది, వినపడనిది తనకైతే. కాసేపయ్యాక మళ్ళీ ముక్కు. మళ్ళీ లేవడం, వీధి చూడటం, ముఖం వాడటం, రస్కు. ఆ పూటంతా వచ్చింది ఇద్దరే మనుషులు. వాళ్ళు వచ్చినప్పుడు మేనేజరు నిద్రపోతున్నాడు.

కుక్క మీద నాకు కోపం రాలేదు. జీతం పెరిగే దారి దొరికితే ఎవరు వదులుకుంటారు? నా బాధంతా బావను చూసి. రోజంతా జనం వస్తున్నారని, పిలుస్తున్నారని, తను వినక పోగొట్టుకుంటున్నానని ఈ మనిషి ఎన్నాళ్ళుగా నలుగుతున్నాడో! ఒక్కరూ రాని వీధిలోకి అన్నిసార్లు తొంగిచూస్తున్నాడు.

సాయంత్రం షాపు మూసే వేళ బావ మేనేజరు కోటు తీసి బల్ల మీద పరిచాడు. చలి మొదలవుతోంది. బ్లేడు తీసుకుని పక్క కుట్టు విప్పబోయాడు. నేను వెళ్ళి కోటు లాక్కున్నాను. అస్తరు పైకి తిప్పి, కుట్టు నేనే విప్పి, గుడ్డను సాపుగా పరిచి దీపం దగ్గరికి జరిపాను.

ఈ పనిలో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. కుట్టు వదులు చేసిన ప్రతిసారీ, అప్పటిదాకా లోపల దాగిన గుడ్డ బయటపడుతుంది. పైగుడ్డ ఎండకు వెలిసి ఉంటుంది, ఇది కొత్త రంగులో ఉంటుంది. పాత కుట్టు తీసేసినా సూది గుర్తులు పోవు. మేనేజరు కోటులో వెలిసిన బూడిదరంగు పక్కన ఒక పట్టీ, దాని పక్కన ఇంకాస్త ముదురు పట్టీ, దాని పక్కన ఇంకా ముదురు పట్టీ. మధ్యలో సూది గుర్తుల వరసలు. ఆఖరి అంచు దగ్గర వేలెడు గుడ్డ కూడా మిగల్లేదు.

బావకు ఎదురుగా, నా నోరు కనపడేలా నిలబడ్డాను.

"ఇంక వదలడానికి గుడ్డ లేదు బావా."

ఆయన ఆ పట్టీల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమాడు. "ఇంత అయిందా?" అన్నాడు.

"అయింది. నువ్వే చేశావు. రస్కులు మానలేవా?"

"వాడు పని చేస్తున్నాడే! ఊరికే పెడుతున్నానా? మనిషి వచ్చినప్పుడు చెబుతున్నాడు, పెడుతున్నాను."

"ఇవాళ పొద్దుట్నుంచి ఇక్కడే ఉన్నా. వాడు చెప్పినప్పుడల్లా ఎవరూ రాలేదు."

"వచ్చి వెళ్ళిపోయుంటారు."

"రాలేదు బావా. వీధి ఖాళీ. వాడు రస్కు కోసం పొడుస్తున్నాడు. గుమ్మం చూడట్లేదసలు. నువ్వు ఎవర్నీ పోగొట్టుకోలేదు."

బావ కుర్చీలో కూర్చున్నాడు. మేనేజరు మిషను కింద్నుంచి మా ఇద్దర్నీ చూస్తున్నాడు. ఇక్కడ ఆపేసి ఉంటే కూడా సరిపోయేది. కానీ మొదలుపెట్టాక నా నోరు నా మాట వినదు.

"ఆ రోజు వాడు జారలేదు. లేవలేకపోయాడు. నీ కాళ్ళ దగ్గరే పడి ఏడుస్తున్నాడు. నువ్వు కాలరు కుడుతున్నావు."

అప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను. చూడకపోతే ఆయనకు నా మాట అందదు కాబట్టి చూశాను. అంత బాధ ఎప్పుడూ పడలేదు నేను.

"ఏడ్చాడా?" అన్నాడు.

"ఏడ్చాడు."

కోటు మడతపెట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. తరవాత, "నాకు వినపడదని నీకు తెలుసా?" అన్నాడు.

"తెలుసు."

"మీ అక్కకి?"

"నాకన్నా ముందే తెలుసు."

"బ్యాంకాయనకి?"

"ఆయనకి జలుబు లేదు బావా. ఎప్పుడూ లేదు."

"అందరికీ తెలుసన్నమాట." గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమే ఉంది. "మరి ఒక్కళ్ళూ చెప్పలేదే?"

"నువ్వు ఎవరికైనా చెప్పావా, నడుం పెరిగిందని?"

బావ వంగి మిషను కింద చెయ్యి పెట్టి మేనేజరు పక్కటెముకల కోసం వెతికాడు. వెతుకుతూనే ఉన్నాడు. మెట్ల మీద అక్క గరిటె పట్టుకుని వచ్చి నిలబడింది. ఎంతసేపట్నుంచి కొడుతోందో, ముగ్గురం వినలేదు.

మర్నాడు పొద్దున నేను కిందికి దిగేసరికి ట్రయల్ రూమ్ అద్దం ట్రయల్ రూములో లేదు. నిలువుటద్దం. బావ దాన్ని ఒక్కడే ఊడదీసి తెచ్చి, మిషనుకు ఎదురుగా గోడకు బిగించాడు. కుర్చీలో కూర్చుంటే అందులో వెనకనున్న గుమ్మం మొత్తం కనపడుతుంది, మెట్లూ కనపడతాయి. ఎందుకు మార్చారని అడిగిన ప్రతివాళ్ళకూ తలూపకుండా నోరు తెరిచి జవాబు చెప్పాడు: "నాకు వినపడదండీ. ఎవరొచ్చారో చూసుకోవడానికి." మొదటిసారి చెప్పినప్పుడు చెమట పట్టింది. నాలుగోవాడికి చెప్పేసరికి పాఠం అప్పజెప్పినట్టు వచ్చేసింది. అక్క పైనుంచి గరిటె కొట్టడం మాని, మెట్ల మలుపులో నిలబడి చెయ్యి ఊపడం మొదలుపెట్టింది. అద్దంలో ఆవిడ కనపడగానే బావ లేచేవాడు. "ఇన్నాళ్ళకు మీ బావ నన్ను చూస్తున్నాడే" అంది అక్క.

ఒక్క ఇబ్బంది వచ్చిపడింది. ట్రయల్ రూములో అద్దం లేక, గోడ మీదిదాంట్లో మిషను అడ్డొచ్చి నడుం కనపడక, బట్టలు తొడుక్కున్నవాళ్ళు బయటికి వచ్చి, "ఎలా ఉందండీ?" అని బావనే అడగాల్సి వచ్చింది. మొదట దొరికింది బ్యాంకాయన. కొత్త ప్యాంటు తొడుక్కుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

బావ చూశాడు. కిందున్న మేనేజరును చూశాడు.

"నడుం పెరిగిందండీ" అన్నాడు.

షాపులో సూది పడితే వినపడేంత నిశ్శబ్దం, బావకు తప్ప. బ్యాంకాయన ఊపిరి వదిలాడు. దాంతో గుండీ కూడా వదిలింది. "నాకూ అనుమానంగానే ఉందండీ" అన్నాడు, మామూలు గొంతుతో. బావ ఆయన పెదవులు చూసి నవ్వాడు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా, కొంతమంది ఆ సీజనులో వేరే షాపు చూసుకున్నారు. అక్కడ అద్దం ఉంది, మడతలో గుడ్డ లేదు. చాలామంది తిరిగొచ్చారు.

మేనేజరును బావ ఉద్యోగంలోంచి తీసేశాడు. కబుర్లు అక్కర్లేదు, రస్కులూ లేవు. పొద్దునా సాయంత్రం నడిపించే పని నా దగ్గర్నుంచి తీసుకుని తనే వెళ్ళేవాడు. మొదట్లో వీధి చివరి దీపస్తంభం దాకా, తరవాత పార్కు గేటు దాకా, ఆ తరవాత పార్కు చుట్టూ. వాడు మధ్యలో కూలబడితే ఆయనా పక్కన కూర్చునేవాడు. మేనేజరు మాత్రం రాజీనామా ఒప్పుకోలేదు. పిక్క పొడుస్తూనే ఉన్నాడు. బావ అద్దం చూసేవాడు, తల అడ్డంగా ఊపేవాడు, మిషను తొక్కేవాడు. ఎంత కష్టంగా ఉండేదో నాకు తెలుసు. చెయ్యి జేబు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేది.

దిగాడు. మెల్లగా దిగాడు, డాక్టరమ్మ చెప్పినట్టే. చలికాలం సగంలో ఒకరోజు బావ నన్ను పిలిచి, ఒక చెయ్యి మేనేజరు పక్కన పెట్టి, ఇంకో చేత్తో తన చేతి వెనకవైపు తడుముకుంటూ, "చూడు, తగులుతున్నాయి" అన్నాడు. కళ్ళు చెమ్మగిల్లాయి. ఎముకలు తగిలాయని ఏడ్చిన మనిషిని నేను అప్పుడే చూడటం. కోటు బల్ల మీద పరిచి, సుద్దతో గీత గీసి, ముదురు పట్టీ ఒకటి మళ్ళీ లోపలికి మడిచాడు. అంతకాలం కుట్లు వదిలిన చేతులు, బిగించడం కొత్త కదా, రెండుసార్లు విప్పి కుట్టాల్సి వచ్చింది. గుండీలు నేను జరిపాను.

వెనక కాళ్ళు పూర్తిగా బాగుపడలేదు. చలి ఎక్కువైతే కుంటుతాడు. కానీ లేస్తున్నాడు. మళ్ళీ గుమ్మం దగ్గర పాత పట్టా మీదికి ఆఫీసు మార్చుకున్నాడు.

మొన్న మధ్యాహ్నం వాన. వీధిలో పురుగు లేదు. బావ మిషను మీద ఉన్నాడు. నేను స్టూలు మీద కాజాలు తీస్తున్నాను. మేనేజరు పట్టా మీద్నుంచి లేచాడు. మొదట ముందు కాళ్ళు, తరవాత వెనక కాళ్ళు. గది దాటి నడిచి వచ్చి, బావ పిక్క మీద ముక్కు ఆనించాడు. బావ అద్దంలో చూశాడు. గుమ్మం ఖాళీ. మెట్లు ఖాళీ.

"ఎవరూ రాలేదండీ మేనేజరుగారూ" అన్నాడు.

మేనేజరు ముక్కు తియ్యలేదు. బావ పాదం మిషను మీద్నుంచి దింపి, కిందికి చూశాడు. తరవాత నావైపు తిరిగాడు.

"రస్కు లేదని వీడికి తెలుసు కదా. మానేసి ఎన్నాళ్ళయింది! అయినా వచ్చాడు చూడు" అన్నాడు. "ఎవరో వచ్చారని చెబుతున్నాడనుకున్నాను ఇన్నాళ్ళూ. తను వచ్చానని చెబుతున్నాడేమో. అవునా?"

బావ వేసుకున్నది పాత చొక్కా. దాని పక్క జేబు మేనేజరు ముక్కుకు సరిగ్గా మూరెడు పైన ఉంది. ఎన్నిసార్లు ఉతికినా ఆ జేబు మూలల్లో రస్కు పొడి పోలేదని, ఉతికేదాన్ని కాబట్టి, నాకు తెలుసు. వాడి ముక్కు పుటాలు ఆడుతున్నాయి, అదీ చూశాను.

బావ నా నోటివైపే చూస్తున్నాడు, మాట కోసం.

"అవును బావా" అన్నాను.

ఆ ఒక్క కుట్టూ వదులు చేశాను.